స్పీడ్ కెమెరాలో మీ నంబర్ తప్పుగా పడకుండా చూసుకోవడం ఎలా

ఆ మధ్య నాకో ఫైన్ నోటీసు వచ్చింది. ఆ టైముకి నా కారు ఇంటి ముందే ఉంది. ఫొటో తెరిచి చూస్తే కారు మోడల్ అదే, రంగూ అదే, నంబరూ నాదే. ఫోన్‌లో బాగా పెద్దది చేసి చూశాక విషయం అర్థమైంది, చివరి 8కి ఎడమ పక్క గీత మిగతా అంకెల కన్నా ముదురుగా, అంచు కాస్త వంకరగా ఉంది. ఎవరో మహానుభావుడు తన 3కి నల్ల టేపు ముక్క అంటించి 8 చేసుకున్నాడన్నమాట. ఆయన ఎగ్గొట్టిన ఫైన్ నా నెత్తిన పడింది.

అప్పటి నుంచి నంబర్ ప్లేట్ల మీద నాకు కొంచెం పిచ్చి పట్టింది. తెలుసుకున్నది చెప్తాను.

ముందు కెమెరాకి నంబర్ కనపడకుండా దాచే సరుకు సంగతి. స్ప్రేలు, మెరిసే కవర్లు అమ్మేవాళ్లు చెప్పేది ఒకటే: ఫ్లాష్ పడగానే ప్లేట్ తెల్లగా మెరిసిపోతుంది, అక్షరాలు కనపడవు. వినడానికి బానే ఉంటుంది. కానీ ప్లేట్ మీద షీటుని తయారు చేసేదే వెలుతురు ఏ వైపు నుంచి వస్తే ఆ వైపే తిప్పి పంపడానికి, అందులో సన్నని గాజు పూసలో, కంటికి ఆనని పట్టకాలో ఉంటాయి. చాలా కెమెరాలు మనకి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేస్తాయి; లేత రంగు భాగం దాన్ని వెనక్కి కొడుతుంది, నల్ల అక్షరాలు మింగేస్తాయి, అందుకే చిమ్మచీకట్లో కూడా నంబర్ అచ్చేసినట్టు వస్తుంది. దాని మీద వార్నిష్ లాంటిది కొడితే ఏమవుతుంది? నున్నటి పూత మీద పడిన కాస్త వెలుతురూ అద్దం మీద పడినట్టు పక్కకి పోతుంది, కెమెరా తన పని తను చేసుకుంటుంది. డబ్బా ఖర్చు దండగ. పైగా చాలా దేశాల్లో స్పీడుగా వెళ్లడం ఒక తప్పు, ప్లేట్ కనపడకుండా చేయడం దానికి తోడు ఇంకో తప్పు, ఈ రెండోది చూశాక "పొరపాటున జరిగింది సార్" అంటే ఎవరూ నమ్మరు.

ఇక మనం చేయాల్సినవి. రాత్రి పూట బండి వెనక ఐదారు మీటర్ల దూరంలో నిలబడి, టార్చ్‌ని కంటి పక్కనే పెట్టుకుని ప్లేట్ మీద వేయండి. కంటి పక్కనే ఎందుకంటే వెలుతురు తిరిగి వచ్చేది టార్చ్ దగ్గరికే కాబట్టి. ప్లేట్ అంతా ఒకేలా వెలగాలి. మధ్యలో నల్లటి మచ్చలు, మూలల్లో చీకటి కనిపిస్తే షీటు పాడైనట్టే, మార్పించేయండి. నేను మొదటిసారి చూసినప్పుడు నా ప్లేట్ కింది అంచు మొత్తం ఆరిపోయి ఉంది, పగలు చూస్తే మాత్రం కొత్తదానిలా ఉండేది.

కడిగేటప్పుడు కారు షాంపూ నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. పీచు పెట్టి రుద్దొద్దు, థిన్నర్ అసలే వద్దు, ప్రెషర్ వాషర్‌ని మరీ దగ్గరగా పెడితే షీటు అంచులు లేస్తాయి. ప్లేట్ చుట్టూ ఉండే ఫ్రేమ్ కూడా చూడండి, అది E కింది గీతని కప్పేస్తే అక్షరం F అయిపోతుంది. అక్షరం మధ్యలో నల్ల స్క్రూ బిగించినా ఇదే గొడవ. వెనక సైకిల్ స్టాండ్ తగిలించి ప్లేట్ కప్పేశామన్న సంగతి చాలామందికి తట్టదు, కావాలని దాచలేదని తర్వాత మొత్తుకోవాల్సి వస్తుంది. ప్లేట్ లైటు కాలిపోతే వెంటనే మార్చండి.

స్పీడ్ విషయానికొస్తే, కెమెరా ముందు బ్రేక్ తొక్కి దాటగానే లాగించడం సగటు వేగం కెమెరాల దగ్గర కుదరదు. అవి రెండు చోట్ల నంబర్ చదివి మధ్యలో పట్టిన టైముతో లెక్కేస్తాయి. 80 లిమిట్ ఉన్న 6 కిలోమీటర్లకి కనీసం నాలుగున్నర నిమిషాలు పట్టాలి, 3 నిమిషాల 36 సెకన్లలో తేలారంటే మీరు 100లో వచ్చినట్టే. ఇంత చేసీ మిగిలింది 54 సెకన్లు! కారులో స్పీడ్ లిమిటర్ (మనం పెట్టిన వేగం దాటనివ్వనిది) ఉంటే ఆన్ చేసుకుని టెన్షన్ లేకుండా పోవచ్చు. అసలు కన్నా పెద్ద టైర్లు వేయించుకున్నవాళ్లు మాత్రం మీటర్‌ని నమ్మొద్దు, అది తక్కువ చూపిస్తుంది, ఒకసారి జీపీఎస్‌తో సరిచూసుకోండి. అన్నట్టు, రోడ్ల మీద కెమెరాలకి ఆద్యుల్లో ఒకడైన మారిస్ గాట్సోనైడ్స్ 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన డచ్ డ్రైవర్. మలుపుల్లో తను ఇంకెంత స్పీడుగా పోగలడో కొలుచుకోవడానికి తయారుచేసుకున్న పరికరం తిరిగి తిరిగి ఇలా మన మీదకే వచ్చింది.

ఇక నాలాగా వేరేవాళ్ల ఫైన్ మీకు వస్తే కంగారుపడి కట్టేయకండి, కడితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. అలాగని నోటీసుని పక్కన పడేయొద్దు, గడువు లోపలే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. పూర్తి సైజు ఫొటో అడిగి తీసుకుని మీ బండిని అదే కోణంలో ఫొటో తీసి పక్కపక్కన పెట్టండి. వీల్ రిమ్ములు, స్టిక్కర్లు, వెనక వైపర్, సొట్టలు, ఏ తేడా దొరికినా పనికొస్తుంది. ఆ టైముకి బండి ఎక్కడుందో చూపించే పార్కింగ్ రసీదో, సీసీ కెమెరా క్లిప్పో ఉంటే జత చేయండి. మీ నంబర్‌ని ఇంకెవరో వాడుతున్నారని పోలీసులకి ఫిర్యాదు ఇవ్వడం మర్చిపోవద్దు, ఎందుకంటే వాడు అక్కడితో ఆగడు.

నా కేసులో పనికొచ్చింది బంపర్ మీద జానెడు గీత. గేటు దగ్గర రివర్స్ తీస్తూ నేనే గీసుకున్నా, నోటీసు ఫొటోలో కారుకి అది లేదు. ఫైన్ కొట్టేశారు. ఇంట్లో వాళ్లు పెయింట్ వేయించమని ఇప్పటికీ పోరుతున్నారు గానీ నేను దాన్ని ముట్టుకోనివ్వట్లేదు.