డ్రమ్స్ పాఠాలు – 5: కుడిచెయ్యి ఆగే చోటు

పోయిన పాఠంలో ఎనిమిది లెక్క నేర్చుకున్నాం. ఒకటి నుంచి ఎనిమిది దాకా సమానంగా లెక్కపెడుతూ కుడిచేత్తో ప్రతి అంకెకీ కుడి తొడ మీద కొట్టాం. కుడికాలు 1 మీద, 5 మీద నేలకి తాటించాం. ఎడమచెయ్యి 3 మీద, 7 మీద వేశాం. కుడిచెయ్యి హై-హ్యాట్ (స్టాండు మీద ఒకదానిపై ఒకటి ఉండే రెండు లోహపు పళ్లేలు) అనుకోండి, కాలు బాస్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్ము), ఎడమచెయ్యి స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్ము). వారం రోజులు చేసి ఉంటే ఈపాటికి చేతులు వాటంతట అవే కదులుతూ ఉండాలి. ఇంకా తడబడుతుంటే ఈ పాఠం చదివి పక్కన పెట్టండి. నాలుగో పాఠం సాధనే ఇంకో మూడు రోజులు చేసి, ఆ తర్వాత ఇక్కడికి రండి. తొందరేం లేదు.

ఈసారి కొత్త దెబ్బలు ఏమీ చేర్చం. ఉన్నవాటిలోంచే రెండు తీసేస్తాం. చేర్చడం కంటే తీసెయ్యడం కష్టమని చేతికి తెలియాలంటే చార్లీ వాట్స్ వాయించే తీరు ఒకసారి మన చేతుల్లోకి రావాలి. ఆయన 1963 జనవరిలో రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్‌లో చేరాడు. 2021 ఆగస్టు 24న, 80 ఏళ్ల వయసులో లండన్‌లో కన్నుమూసేదాకా ఆ బ్యాండ్ డ్రమ్మర్ ఆయనే. అంటే 58 ఏళ్లు ఒకే కుర్చీలో.

ఆ బ్యాండ్ కచేరీ వీడియో ఏదైనా పెట్టి చూడండి. కళ్లు ముందు గాయకుడు మిక్ జాగర్ మీదికి పోతాయి. స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరికి ఆయన పరిగెడుతూనే ఉంటాడు. తర్వాత కీత్ రిచర్డ్స్ గిటార్ మీదికి పోతాయి. వెనకాల ఒక మనిషి మామూలు చొక్కా వేసుకుని, ముఖంలో పెద్దగా ఏ భావమూ లేకుండా, చేతులు ఎక్కువ ఊపకుండా వాయిస్తుంటాడు. వేల మంది నిండిన స్టేడియంలో కూడా ఆయన ముందు ఉండేవి నాలుగే డ్రమ్ములు. 1957 నాటి గ్రెట్ష్ సెట్ అది. ఆ స్టేడియం కచేరీల కాలంలోనే పెద్ద రాక్ బ్యాండ్ల డ్రమ్మర్లు రెండు బాస్ డ్రమ్ములు, చుట్టూ అరడజను టామ్‌లు (రకరకాల సైజుల మామూలు డ్రమ్ములు) పెట్టుకుని కూర్చునేవారు. అందుకేనేమో, ఆయన వాయించేది ఎవరైనా వాయించగలరు కదా అనే మాట డ్రమ్స్ నేర్చుకునే పిల్లల నోట తరచూ వింటుంటాను. నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. ఈ పాఠంలోని సాధన మొదటిసారి చేసిన రోజు ఆ అభిప్రాయం మార్చుకున్నాను. మీ అభిప్రాయం సాధన అయ్యాక ఏర్పరచుకోండి. అంతవరకు నా మాట నమ్మనక్కర్లేదు.

కుర్చీలో నిటారుగా కూర్చోండి. పాదాలు రెండూ నేలకి ఆనాలి. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ (సమానంగా టిక్కుమంటూ లయ చూపేది) పెట్టుకుని వేగం 60 దగ్గర, అంటే నిమిషానికి 60 టిక్కుల దగ్గర ఉంచండి. ఒక్కో టిక్కుకి రెండు అంకెలు రావాలి. టిక్కు మీద ఒకటి, సందులో రెండు, తర్వాతి టిక్కు మీద మూడు, సందులో నాలుగు, అలా. ముందు చేతులు కదపకుండా నోటితో అనండి:

దుం టిక్ ఠా టిక్ | దుం టిక్ ఠా టిక్

దుం అన్నప్పుడు కాలు, కుడిచెయ్యి కలిసి పడతాయి. టిక్ అంటే కుడిచెయ్యి ఒక్కటే. ఠా దగ్గర పోయిన వారం దాకా రెండు చేతులూ పడ్డాయి. ఇప్పుడు అక్కడ కుడిచెయ్యి తీసెయ్యండి. ఎడమచెయ్యి ఒక్కటే పడాలి. అంకెల్లో చెప్పాలంటే కుడిచెయ్యి 1, 2 కొడుతుంది. 3 దగ్గర కొట్టదు. 4, 5, 6 కొడుతుంది. 7 దగ్గర కొట్టదు. 8 కొట్టి మళ్లీ 1, 2లోకి వెళ్తుంది. రెండు మూడు చుట్లు తిరిగాక కుడిచేతికి ఇది మూడు దెబ్బలు, ఒక ఖాళీ, మూడు దెబ్బలు, ఒక ఖాళీ అన్నట్టు తోస్తుంది. అలా తోచడం మొదలైతే దారిలో పడ్డట్టే.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఎనిమిది లెక్క అనగానే ఆదితాళం మనసులో తిరుగుతుంది. లెక్కకి అది సాయపడుతుంది, వాడుకోండి. కానీ సమం మీద, అంటే 1 మీద బరువు వేసే అలవాటు మాత్రం ఇక్కడ పక్కన పెట్టాలి. ఈ సంగీతంలో బరువంతా 3 మీద, 7 మీద, అంటే ఎడమచేతి మీద ఉంటుంది.

ఇప్పుడు జరిగే తప్పులు. మొదటిసారి చేసినప్పుడు చాలామందికి కుడిచెయ్యి ఆగగానే దానితోపాటు ఎడమచెయ్యి కూడా ఆగిపోతుంది. ఇది రెండు రోజుల్లో సర్దుకుంటుంది, టెన్షన్ పడొద్దు. రెండో తప్పు మొండిది. ఖాళీ దగ్గర కుడిచెయ్యి గాల్లో బిగుసుకుపోతుంది. ఆ బిగువు వదిలించుకునే కంగారులో 4 మీదికి ముందే దూకుతుంది. ఒక్కో ఖాళీకి పిసరంత ముందుకి జరిగినా, రెండు నిమిషాల్లో మెట్రోనోమ్ ఒకచోట, మీరు ఒకచోట ఉంటారు. దీనికి మందు ఏమిటంటే, ఆ చోట చేతిని ఆపకండి, పైకి లేపండి. 70ల తర్వాతి కచేరీ వీడియోల్లో చార్లీ కుడిచేతిని మాత్రమే ఒక ఐదు నిమిషాలు గమనించండి. ఎడమచేతి స్టిక్ స్నేర్ మీదికి దిగుతుంటే కుడిచేతి స్టిక్ హై-హ్యాట్ మీంచి మెత్తగా పైకి లేస్తుంది. అది కిందికి దిగే సమయానికి 4 వచ్చి ఉంటుంది. గుమ్మంలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తప్పుకుని రెండోవారికి దారిచ్చినట్టు ఉంటుంది ఆ కదలిక. మణికట్టు వదులుగా ఉండాలి. భుజం కదలకూడదు.

ఇలా చేస్తే ఏమొస్తుందని అడగొచ్చు. మామూలు డ్రమ్ సెట్‌లో హై-హ్యాట్ వాయించేవారికి ఎడమవైపు ఉంటుంది. కుడిచెయ్యి ఎడమచేతి మీదుగా అడ్డంగా దాటి వెళ్లి దాన్ని కొట్టాలి. కాబట్టి ఎడమచెయ్యి ఎప్పుడూ కుడిచేతి కింద ఇరుక్కుని పనిచేస్తుంది. కుడిచెయ్యి లేచిందంటే ఎడమచేతికి పైన చోటు దొరుకుతుంది. నిండు దెబ్బ పడుతుంది. ఇది చేతికి కలిగే లాభం. చెవికి కలిగే లాభం ఇంకా పెద్దది. హై-హ్యాట్, స్నేర్ ఒకేసారి మోగితే హై-హ్యాట్ లోహపు చప్పుడు స్నేర్ మీద సన్నటి పొరలా పరుచుకుంటుంది. దాన్ని తీసేస్తే స్నేర్ ఒక్కటే, శుభ్రంగా, వెడల్పుగా వినిపిస్తుంది. దెబ్బ బలం పెంచకుండానే పెద్దదిగా వినిపిస్తుంది. తొడ మీద కూడా ఈ తేడా తెలుస్తుంది. పది చుట్లు పాత పద్ధతిలో, పది చుట్లు కొత్త పద్ధతిలో కళ్లు మూసుకుని వాయించి చూడండి.

చార్లీకి ఈ పొదుపు జాజ్ నుంచి వచ్చింది. చిన్నప్పుడు ఒక బాంజో కొన్నాడు. అది వాయించడం నచ్చక మెడ ఊడదీసి, గుండ్రటి భాగాన్ని స్టాండు మీద పెట్టి, బ్రష్‌లతో (స్టిక్స్‌కి బదులు వాడే సన్నటి తీగల కుచ్చులతో) స్నేర్‌లా వాయించాడు. అమెరికన్ డ్రమ్మర్ చికో హామిల్టన్ బ్రష్‌లతో వాయించింది విని పుట్టిన కోరిక అది. బ్రష్‌తో ఎంత కొట్టినా గోల రాదు. గోల రాని వాద్యం మీద మొదలుపెట్టినవాడికి ప్రతి చిన్న చప్పుడూ విడిగా వినిపిస్తుంది. జీవితాంతం ఆయన స్టిక్ పట్టుకున్నది కూడా జాజ్ పద్ధతిలోనే. ఎడమ అరచెయ్యి పైకి తిరిగి ఉంటుంది, స్టిక్ బొటనవేలి మూలలోంచి వేళ్ల మధ్యగా పోతుంది. చదువుకున్నది ఆర్ట్ స్కూల్లో, చేసిన ఉద్యోగం ప్రకటనల కంపెనీలో గ్రాఫిక్ డిజైన్. ఆ తర్వాత బ్యాండ్‌తో ఊరూరా తిరిగినన్నాళ్లూ తను దిగిన హోటల్ గదిలోని మంచం బొమ్మ గీసి పెట్టుకునేవాడు. డ్రమ్ సోలోలంటే ఆయనకి పడేది కాదు.

ఇక బ్యాండ్ లోపల ఆయనకి దక్కిన గౌరవం సంగతి. 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఒక విషయం కీత్ రిచర్డ్స్ తన ఆత్మకథలో రాశాడు. తెల్లవారుజామున తాగి ఉన్న మిక్ జాగర్ చార్లీ గదికి ఫోన్ చేసి, నా డ్రమ్మర్ ఎక్కడ అని అడిగాడట. కాసేపటికి తలుపు చప్పుడైంది. చార్లీ గడ్డం గీసుకుని, సూటు, టై వేసుకుని వచ్చాడు. ఇంకెప్పుడూ నన్ను నీ డ్రమ్మర్ అనకు అని చెప్పి, మిక్‌ని ఒక్క దెబ్బ కొట్టాడట. కొట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఆ ‘నా’ అనే మాట ఎంత లోతుగా తగిలి ఉంటుందో ఆలోచించండి. ఇరవై ఏళ్లకి పైగా పాట కింద నేలలా పరుచుకుని ఉన్న మనిషిని సొంత సామాను లెక్కలో వేసిన మాట అది.

ఇంకోటి కూడా చెప్పాలి. స్టోన్స్ పాటల మీద రచయితలుగా దాదాపు ఎప్పుడూ జాగర్, రిచర్డ్స్ పేర్లే ఉంటాయి. తొలిరోజుల్లో అందరూ కలిసి కట్టిన పాటలకి నాంకర్ ఫెల్జ్ అనే ఉమ్మడి పేరు పెట్టేవాళ్లు, ఆ పద్ధతి 60ల మధ్యలోనే పోయింది. మాటకి, వరసకి రచయిత హక్కు ఉంటుంది. బీట్‌కి సాధారణంగా ఉండదు. చాలా బ్యాండ్లలో డ్రమ్మర్ కథ ఇదే. ఇది సరికాదని నేను గట్టిగా నమ్ముతాను. స్టోన్స్ పాటలో కీత్ గిటార్ ముందు నడుస్తుంది, చార్లీ దాన్ని వింటూ ఒక వెంట్రుకవాసి వెనకగా పడతాడు. మామూలుగా బ్యాండ్ అంతా డ్రమ్మర్ వెంట నడుస్తుంది, ఇక్కడ డ్రమ్మర్ గిటార్ వెంట నడుస్తాడు. ఆ బ్యాండ్ శబ్దంలో వినిపించే ఊగిసలాట ఆ వెంట్రుకవాసిలోనే ఉంది. దాన్ని తీసేసి పాట వాయిస్తే అది స్టోన్స్ పాటలా ఉండదు. కీత్ ఈ మాట తెలిసినవాడు కాబట్టే చార్లీని అంతగా గౌరవించాడు. గౌరవం తక్కువైంది ఒప్పంద పత్రాల్లో, మన లాంటి వినేవాళ్ల చెవుల్లో.

చార్లీకి అన్నీ వచ్చని మాత్రం అనను. 1969లో విడుదలైన ‘యూ కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యూ వాంట్’ రికార్డింగ్‌లో ఆ పాటకి కావలసిన నడక ఆయన చేతిలో కుదరలేదు. నిర్మాత జిమ్మీ మిల్లర్ స్వయంగా కూర్చుని వాయించాడు, రికార్డులో ఉన్నది మిల్లర్ డ్రమ్సే. ఆ తర్వాత కచేరీల్లో ఆ నడకని నేర్చుకుని వాయించింది చార్లీనే. తన కుర్చీలో ఇంకొకరిని కూర్చోనిచ్చి, వాళ్ల దగ్గరే నేర్చుకోవడానికి చాలా నిబ్బరం కావాలి.

ఇప్పుడు వినే పని. మొదట 1965 నాటి ‘శాటిస్ఫాక్షన్’ పెట్టండి. మనం స్నేర్‌ని 3, 7 మీద వేస్తున్నాం కదా, ఆ పాటలో 1, 3, 5, 7 నాలుగింటి మీదా పడుతుంది. తొడ మీద ఎడమచేత్తో వాయిస్తూ వినండి. ఇల్లు కదిలినట్టుండే ఆ తోపుడు ఎక్కడిదో తెలుస్తుంది. తర్వాత 1969 నాటి ‘హాంకీ టాంక్ విమెన్’. ముందు కౌబెల్ (పుల్లతో కొట్టి మోగించే ఆవుమెడ గంటలాంటిది), అది జిమ్మీ మిల్లర్ వాయించాడు. తర్వాత డ్రమ్స్, ఆ తర్వాత గిటార్. ఒక్కొక్కరే లోపలికి వస్తారు కాబట్టి చార్లీని విడిగా పట్టుకోవడానికి ఇంతకంటే మంచి పాట దొరకదు. పాట మొదట్లో మీ కాలు కదిలే వేగం, చివర్లో వేగం పోల్చి చూడండి. చివరికి వచ్చేసరికి పెరిగి ఉంటుంది. మెట్రోనోమ్‌తో సాధన చేయమని నేనే చెప్పి ఈ పాట వినమంటున్నాను. ఎందుకంటే వేగం తెలియక పెరగడం వేరు, పాటతోపాటు అందరూ కలిసి వేడెక్కడం వేరు. ఈ తేడా చెప్పడం కంటే వినడం మేలు.

చివరగా 2023లో వచ్చిన ‘హాక్నీ డైమండ్స్’ ఆల్బమ్. అందులో ‘మెస్ ఇట్ అప్’, ‘లివ్ బై ద స్వోర్డ్’ పాటలకి చార్లీ చనిపోకముందు వాయించిన డ్రమ్స్ ఉన్నాయి. డ్రమ్స్ ఉన్న మిగతా పాటల్లో స్టీవ్ జోర్డన్ వాయించాడు. జోర్డన్ గొప్ప డ్రమ్మర్. 2021లో చార్లీ ఆరోగ్యం బాగాలేక టూర్‌కి రాలేనప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నదీ ఆయనే. ఆ సెప్టెంబర్‌లో సెయింట్ లూయిస్‌లో టూర్ మొదలైన రోజు, బ్యాండ్ స్టేజీ ఎక్కే ముందు తెరల మీద చార్లీ బొమ్మలు వేశారు. ఆల్బమ్‌లో ఎవరు ఏ పాటకి వాయించారో చూడకుండా ఎవరితోనైనా పెట్టించుకుని వినండి. ఎక్కడ చార్లీ అనిపిస్తే అక్కడ కాగితం మీద పాట వరస సంఖ్య రాయండి. తప్పు పోయినా పర్వాలేదు, నెలరోజుల తర్వాత మళ్లీ చేసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకోండి.

ఈ వారం సాధన రోజుకి ఇరవై నిమిషాలు చాలు. మొదటి మూడు రోజులు 60 వేగంలోనే ఉండండి. ఖాళీల్లో జారకుండా వరసగా ఐదు నిమిషాలు వాయించగలిగితే 70కి వెళ్లండి, లేకపోతే అక్కడే ఆగండి. 80 దాటొద్దు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లని కళ్లు మూసుకోమని, పాత పద్ధతి ఏదో కొత్త పద్ధతి ఏదో చెవితో చెప్పమనండి. వాళ్లు తేడా కనిపెట్టగలిగితే మీ ఖాళీ శుభ్రంగా ఉందని అర్థం.

ఆరో పాఠంలో ఫిల్స్, అంటే బీట్ మధ్యలో ఖాళీ నింపుతూ వేసే చిన్న దెబ్బల వరసలు మొదలుపెడదాం. ఎడమచేతివాటం ఉండి కుడిచేతివాళ్ల సెట్ మీద కూర్చున్న బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ దగ్గర్నుంచి. అప్పటికి ఒక జత స్టిక్స్, ఒక పాత దిండు దగ్గర పెట్టుకోండి.