డ్రాయింగ్ పీరియడ్ ఎక్కడ చెడుతుంది? చేయి తిరిగిన మాస్టారు ఎలా సరిచేస్తారు?

కొత్తగా పోస్టింగ్ వచ్చిన డ్రాయింగ్ టీచర్లకూ, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ ముగించుకుని బడిలో అడుగుపెట్టేవాళ్లకూ పెద్దవాళ్లు చెప్పే మొదటి మాట ఒకటుంది: ‘వెళ్లి సీనియర్ క్లాసులో వెనక బెంచీలో కూర్చో’. కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది బోర్డు మీద బొమ్మ ఎలా వేస్తున్నారో చూసి వచ్చేస్తారు. బొమ్మ వేయడం మీకు ముందే వచ్చు కదా. చూడాల్సింది నీళ్ల మగ్గులు ఎక్కడున్నాయి, కాగితాలు ఎవరు పంచారు, మాస్టారు ఏ నిమిషంలో ఎటు నడిచారు అన్నది. డ్రాయింగ్ క్లాసులో అల్లరిలా కనిపించేదాంట్లో ముప్పాతిక భాగం నిజానికి అల్లరి కాదు, ఏర్పాటులో లోపం.

నోటుబుక్కులో మూడు గడులు గీసుకోండి: నిమిషం, మాస్టారు చేసింది, పిల్లలు చేసింది. ‘బాగా చెప్పారు’ లాంటి అభిప్రాయాలు రాయవద్దు. మాస్టారి నోటి మాట ఉన్నదున్నట్టు రాసుకోండి. కింద చెప్పే లెక్కలన్నీ 48 మంది ఉన్న 8వ తరగతికి, 45 నిమిషాల పీరియడ్‌కు వేసినవి.

గంట కొట్టి పది నిమిషాలైనా ఒక్కరూ గీత గీయలేదు

కారణం: షీట్లు, రంగులు, నీళ్లు గంట కొట్టాక పంచుతున్నారు. 48 మంది ఒక్కసారి లేచి బల్ల దగ్గరికి వస్తే తోపులాట తప్పదు. దాన్ని అరిచి ఆపబోతే ఇంకో ఐదు నిమిషాలు పోతాయి.

సీనియర్ క్లాసులో గమనించండి, పంపకం ముందు రోజో, ఇంటర్వెల్లోనో అయిపోయి ఉంటుంది. నలుగురికొక జట్టు, మొత్తం 12 జట్లు. జట్టుకొక స్టీలు పళ్లెం. అందులో 4 షీట్లు, 4వ నంబరు, 8వ నంబరు గుండ్రటి బ్రష్షులు రెండేసి, పాత గుడ్డముక్క, సగం దాకా మాత్రమే నీళ్లున్న మగ్గులు రెండు. నిండా పోస్తే మోచేయి తగిలి ఒలికేది ఖాయం. జట్టుకొక్కరే వచ్చి పళ్లెం పట్టుకుపోతారు, ఆ ఒక్కరు వారానికొకరు మారతారు. ఈలోగా బోర్డు మీద ఒక వాక్యం రాసి ఉంటుంది: ‘నీ ఎడమచేతిని చూసి రఫ్ కాగితం మీద గీయి, రబ్బరు వాడకూడదు’. హాజరు వేయడం కూడా పిల్లలు అది గీస్తున్న మూడు నిమిషాల్లోనే అయిపోతుంది.

డెమో జరుగుతుంటే వెనక బెంచీలు కబుర్లలో ఉన్నాయి

వాళ్లకి కనిపించడం లేదు, అంతే. బల్ల మీద పెట్టిన ఏ4 కాగితం మూడో వరస దాటితే కనపడదు. క్లాసుని రెండు సగాలు చేసి, సగం మంది చుట్టూ నిలబడితే మిగతా సగం రఫ్ పని చేసేలా చూడండి. డెమో ఒక్కోసారి 4 నిమిషాలు మించకూడదు. గోడకు పెద్ద డిజిటల్ తెర (ప్యానెల్) ఉన్న బడిలో ఫోను కెమెరాని చేతుల మీద నుంచి పెట్టి చూపించవచ్చు. ఇంకొక సంగతి: అనుభవం ఉన్నవాళ్లు డెమో బొమ్మని పూర్తి చేయరు. పూర్తి చేస్తే పిల్లలు దాన్నే దించుతారు. సగంలో ఆపి చెరిపేస్తారు.

‘మీ ఇష్టం వచ్చింది వేయండి’ అంటే అందరూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, గుడిసె, కొబ్బరిచెట్టు వేశారు

దీన్ని పిల్లల్లో ఊహ లేకపోవడంగా అనుకోవద్దు. ‘ఇష్టం వచ్చింది’ అన్నప్పుడు పిల్లాడికి వినిపించేది ‘తప్పు పోనిది వేయి’ అని. ఒకటో తరగతి నుంచి మెప్పు తెచ్చిన బొమ్మ ఆ సీనరీ ఒక్కటే, అందుకే దాని వెనక దాక్కుంటాడు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో, కనుచూపు మేరలో కొండే లేని ఊళ్లో కూడా అవే రెండు కొండలు వస్తాయి.

మందు స్వేచ్ఛ పెంచడం కాదు, హద్దు పెట్టడం. సీనియర్లు ఇచ్చే పనిలో మూడు హద్దులుంటాయి: వస్తువు, చూసే చోటు, కాగితంలో దాని పరిమాణం. ఉదాహరణకు: ‘బయట స్టాండు వేసి ఉన్న సైకిలు. నువ్వు కింద కూర్చుని చూడాలి. హ్యాండిలు, ముందు చక్రం మాత్రమే, చక్రం కాగితం అంచు దాటిపోవాలి.’ లేదా, ‘క్లాసు గుమ్మం బయట విడిచిన చెప్పులు, మూడు జతలు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నట్టే.’ లేదా, ‘మీ వీధి కుళాయి, కింద బిందె, బిందెల మధ్య ఖాళీలు.’ ఇలా అడిగితే సీనరీకి చోటే ఉండదు. అక్కడున్న వస్తువుని చూడక తప్పదు.

‘మా పండగ’ అన్న అంశం ఇవ్వాల్సి వస్తే సంక్రాంతి మొత్తాన్ని అడగకండి. ముగ్గు వేస్తున్న అమ్మ చేతివేళ్లు, వాటి మధ్య నుంచి జారుతున్న పిండి అడగండి. అప్పుడు 48 బొమ్మలు 48 రకాలుగా వస్తాయి.

‘నాకు రాదు సార్’

పన్నెండు, పదమూడేళ్ల వయసులో ఇది చాలా సహజం. కన్ను ఎదిగింది, చెయ్యి ఇంకా ఎదగలేదు. తన బొమ్మ అసలుదానిలా లేదని పిల్లకి తెలుస్తోంది, ఎందుకు లేదో తెలియడం లేదు. దీనికి మూడు బయటి గుర్తులుంటాయి: కాగితం మూలన అరంగుళం బొమ్మ, రబ్బరుతో చిరిగిన షీటు, ‘మీరే వేసివ్వండి సార్’.

ఇక్కడ మాస్టారి చేతుల్ని జాగ్రత్తగా చూడండి. పిల్లల కాగితం మీద ఆయన పెన్సిలు పెట్టరు. పెట్టిన క్షణం నుంచి ఆ బొమ్మ మాస్టారిదైపోతుంది, పక్కవాళ్లందరూ కాగితాలు ముందుకు తోస్తారు. చూపించక తప్పకపోతే జేబులోంచి చిన్న రఫ్ ముక్క తీసి, దాని మీద గీసి, ఆ ముక్కని తిరిగి జేబులో పెట్టుకుంటారు.

మూలన చిన్నగా వేసేవాళ్లకి: కాగితం పైన, కింద, ఎడమ, కుడి బొటనవేలి వెడల్పు వదిలి నాలుగు చుక్కలు పెట్టించండి. బొమ్మ ఆ నాలుగు చుక్కల్నీ తాకాలి. ముందు కన్నో, పువ్వో వేయనివ్వవద్దు, మొత్తం ఆకారం సన్నగా రావాలి. రబ్బరు సమస్యకి: మొదటి 10 నిమిషాలు రబ్బర్లన్నీ పళ్లెంలో ఉండాలి. హెచ్‌బి పెన్సిలు బదులు మెత్తటి 2బి ఇచ్చి, మొనకి దగ్గరగా కాకుండా పెన్సిలు మధ్యలో పట్టుకోమనండి. అలా పట్టుకుంటే గట్టిగా నొక్కడం కుదరదు, తప్పు గీత పక్కనే సరైన గీత వేసుకోవచ్చు. నల్లగా అలుక్కుపోతోందంటే అరచేతి కింద రఫ్ కాగితం లేదన్నమాట. ఎడమచేతి వాటం పిల్లలు షేడింగ్ కుడివైపు నుంచి మొదలుపెట్టాలి.

మాటల సంగతీ రాసుకోండి. ‘బాగుంది’ అన్న మాట సీనియర్ల నోట తక్కువ వినిపిస్తుంది. ‘ఈ గీత ఎక్కడ ఆగాలి?’, ‘చెంబు మూతి వెడల్పు ఎక్కువా, ఎత్తు ఎక్కువా? పెన్సిలుతో కొలిచి చెప్పు’ లాంటివి వింటారు. ఒక్కొక్కరి దగ్గర 20 సెకన్లు నిలబడితే 48 మందికి 16 నిమిషాలు పడుతుంది, అది పీరియడ్‌లో సరిపోతుంది. ఒకే పిల్లాడి దగ్గర 5 నిమిషాలు నిలబడితే క్లాసు చేజారుతుంది. మొదటి చుట్టులో ఏమీ మాట్లాడకుండా చూసుకుంటూ నడిచి, ఆగిపోయినవాళ్లని గుర్తుపెట్టుకుని, రెండో చుట్టు వాళ్ల దగ్గరి నుంచి మొదలుపెట్టడం మంచి పద్ధతి.

ముఖంలో కళ్లు నుదుటి మీదికి ఎక్కాయి. చెంబు అడుగు బల్లపరుపుగా, కోణాలతో వచ్చింది

రెండింటికీ మూలం ఒకటే: కంటికి కనబడింది కాక మనసుకి తెలిసింది వేయడం. నుదురు, మాడు ‘ఖాళీ’ కాబట్టి వాటికి చోటు మిగల్చరు. పక్కవాడి ముఖాన్ని పెన్సిలుతో కొలిపించండి: నడినెత్తి నుంచి కళ్లకు ఎంతో, కళ్ల నుంచి గడ్డానికీ సుమారుగా అంతే. రెండు కళ్ల మధ్య దాదాపు ఇంకో కన్ను పడుతుంది. కోడిగుడ్డు ఆకారం వేసి సగంలో అడ్డగీత, దాని మీద కళ్లు. చెప్తే నమ్మరు, కొలిస్తే నమ్ముతారు.

చెంబు విషయంలో, అది బల్ల మీద నిలబడింది కాబట్టి అడుగు తిన్నని గీత అని పిల్లలు తేల్చేసుకుంటారు. గాజుగ్లాసులో సగం నీళ్లు పోసి కంటి ఎత్తుకి పట్టుకోమనండి, నీటి అంచు ఒక్క గీతలా కనిపిస్తుంది. మెల్లగా కిందికి దించితే ఆ గీత కోడిగుడ్డులా తెరుచుకుంటుంది. ఎంత దించితే అంత గుండ్రం. అంటే చెంబు మూతి కంటే అడుగు ఎక్కువ వంపు తిరగాలి, అడుగు అంచులు ఎక్కడా కోణంగా రాకూడదు. చెంబుకి ముందుగా నిలువు మధ్యగీత వేయించి, రెండు పక్కల దూరాలు కొలిపిస్తే వంకర పోతుంది.

రంగులన్నీ బురదయ్యాయి

మూడు కారణాలు, మూడూ వేర్వేరు. ఒకటి, మురికి నీళ్లు. రెండు మగ్గులు ఇచ్చింది అందుకే: ఒకటి కడగడానికి, రెండోది రంగు పలుచన చేయడానికి. మధ్యలో గుడ్డకు బ్రష్షు ఒత్తాలి. రెండు, కింది పూత ఆరకుండా పైపూత వేయడం. అందుకే బొమ్మలో పసుపు ముందు, ఎరుపు తర్వాత, నీలం, నలుపు చివర. మూడో కారణాన్ని కొత్తవాళ్లు పట్టుకోలేరు: సీసా ఎంపిక. ఊదా కోసం వెర్మిలియన్ ఎరుపుని అల్ట్రామెరైన్ నీలంలో కలిపితే మట్టిరంగు వస్తుంది, ఎందుకంటే వెర్మిలియన్‌లో పసుపు ఛాయ ఉంది. ఊదాకి క్రిమ్సన్ ఎరుపు కావాలి. చిలకాకుపచ్చకి లెమన్ ఎల్లో, దానితో ప్రష్యన్ బ్లూ చిటికెడు. చిటికెడే, ఆ నీలం చాలా ఘాటు.

పోస్టర్ రంగు చిలికిన పెరుగులా ఉండాలి. మజ్జిగలా ఉంటే చారలు పడతాయి, వెన్నలా పట్టిస్తే ఆరాక పగిలి పెచ్చులు రాలుతుంది. జట్టుకి ఒక్కో రంగు అరచెంచా చాలు. ఎక్కువిస్తే అది కాగితం మీదికి కాదు, చొక్కాల మీదికి వెళ్తుంది.

కాగితం ముడతలు పడింది

పలుచటి కాగితం తడిసినచోట సాగుతుంది, తడవనిచోట సాగదు. 120-140 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) డ్రాయింగ్ షీటు పోస్టర్ రంగుకి తట్టుకుంటుంది, నీటి పూతలకి తట్టుకోదు. నీటి రంగు తప్పనిసరైతే క్వార్టర్ షీటు (పెద్ద షీటులో నాలుగో వంతు) కాకుండా పోస్టుకార్డు సైజులో చేయించండి, నాలుగు పక్కలా టేపు అంటించండి. ముడత పడిపోయినదాన్ని ఆరాక బోర్లా తిప్పి, వెనక తడిగుడ్డతో ఒకసారి తుడిచి, రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, రాత్రంతా పుస్తకాల బరువు కింద ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

‘కలంకారీ’ అన్నారు, స్కెచ్ పెన్ బొమ్మలు వచ్చాయి

శ్రీకాళహస్తి కలంకారీ గీతకి ప్రాణం దాని లావు-సన్నం. స్కెచ్ పెన్ ఆ తేడాని ఇవ్వదు. వెదురుపుల్లని మొన చెక్కి, మొనకి అంగుళం పైన ఉన్నినో, నూలుగుడ్డనో ఉండలా చుట్టి దారంతో బిగించండి. గుడ్డ రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొనకి దిగుతుంది. అక్కడి కళాకారులు నల్లరంగుని ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీస్తారు. క్లాసులో ఇండియన్ ఇంకు చాలు. మొదటి పీరియడ్ మొత్తం ఒట్టి గీతలే వేయించండి, బొమ్మ అడగవద్దు.

‘అయిపోయింది సార్’ – పన్నెండో నిమిషంలోనే

పని చిన్నదైనా అయి ఉండాలి, లేదా ‘అయిపోవడం’ అంటే ఏమిటో చెప్పి ఉండరు. బోర్డు మీద మూడు ప్రశ్నలు ఉంచండి: ఆరడుగుల దూరం నుంచి చూశావా? అన్నిటికంటే చీకటి చోటు నిజంగా అన్నిటికంటే నల్లగా ఉందా? వస్తువుల వెనక ఏముందో వేశావా? మూడూ అయ్యాయంటే స్కెచ్‌బుక్కులో అగ్గిపెట్టె సైజు గడి గీసి, కిటికీలోంచి కనిపించేది అందులో వేయాలి. వేగంగా వేసేవాళ్లని పంపకాలకి, తుడవడానికి వాడుకోవద్దు, వాళ్లకీ నేర్చుకునే హక్కు ఉంది.

గంట కొట్టేసరికి నేలంతా నీళ్లు, తర్వాతి టీచరు గుమ్మంలో

ఆపించాల్సింది 37వ నిమిషంలో. 42లో ఆపితే ఇదే జరుగుతుంది. కడగడానికి జట్టుకొక్కరే, అంటే 12 మంది. మిగతావాళ్లు బ్రష్షులు మొన పైకి ఉండేలా డబ్బాలో పెడతారు (మొన కిందికి పెడితే కుచ్చు వంగి బ్రష్షు పనికిరాకుండా పోతుంది). తడి బొమ్మల్ని బల్లల మీద పేర్చవద్దు, ఫ్యాను గాలికి ఒకదానికొకటి అంటుకుంటాయి. కిటికీ చువ్వల మధ్య నైలాను తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. 48 క్వార్టర్ షీట్లు 11 అంగుళాల వైపు వేలాడాలంటే ఒక్కోదానికి అడుగు చొప్పున 48 అడుగుల తాడు కావాలి, 16 అడుగుల వరసలు మూడు.

జనవరి రాగానే మన పీరియడ్ లెక్కలకో సైన్సుకో వెళ్లిపోతోంది

వాదనకి దిగితే గెలవడం కష్టం. అనుభవజ్ఞులు జూన్‌లోనే టైంటేబుల్‌తోపాటు నెలవారీ పనుల జాబితా హెడ్మాస్టరు గారికి ఇచ్చి సంతకం తీసుకుంటారు. ప్రతి నెలా వరండాలో ప్రదర్శన పెడతారు: తరగతి, తేదీ, బొమ్మ కింద పిల్లాడి చేతి రాతలో రెండు వాక్యాలు. పదో తరగతికి జీవశాస్త్రం పటాలను ఒక పీరియడ్‌లో కొలతలతో నేర్పితే సైన్సు టీచరే మన పక్షాన మాట్లాడతారు. కానీ అది నెలకి ఒక్క పీరియడే. అంతకు మించితే డ్రాయింగ్ పేరుతో సైన్సు రికార్డు రాయిస్తున్నట్టవుతుంది. అప్పుడు ఆ పీరియడ్‌ని ఎవరూ తీసుకోనక్కర్లేకుండా మనమే ఇచ్చేసినట్టు లెక్క.