బైక్ టైర్లలో గాలి ఎంత ఉండాలి, ఎండాకాలం తగ్గించాలా వద్దా

పెట్రోల్ బంకులో గాలి మిషన్ దగ్గర కాసేపు నిలబడితే ఎక్కువగా వినబడే మాట "రెండింటికీ 35 కొట్టు అన్నా". బండి ఏదైనా, వెనక ఎవరు కూర్చున్నా, ముందూ వెనకా ఒకటే లెక్క. 35 అనేది కార్లకు దగ్గరగా ఉండే అంకె. దాన్నే బైక్ ముందు టైరుకు కొట్టిస్తే టైరు గట్టిపడి రోడ్డుకు ఆనే భాగం తగ్గిపోతుంది, సడన్ బ్రేక్ వేసినప్పుడు పట్టు ఉండాల్సింది అక్కడే.

మీ బండికి ఎంత గాలి కావాలో కంపెనీవాళ్లే రాసి అతికించారు. చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ మీదో చిన్న స్టిక్కరు ఉంటుంది, గ్రీజూ బురదా పట్టి కనబడకపోతే తడిగుడ్డతో తుడిచి చూడండి, ఊడిపోయి ఉంటే బండితో ఇచ్చిన పుస్తకంలో దొరుకుతుంది. ఉదాహరణకు పల్సర్ 150కి ముందు టైరుకు 25 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలిచే లెక్క), వెనక టైరుకు ఒక్కరే వెళ్తే 28, ఇద్దరుంటే 32. అన్నిటికీ ఇదే లెక్క కాదు, కొన్ని 100 సీసీ బండ్లకు ఇద్దరు ఎక్కితే వెనక 40 దాకా రాసి ఉంటుంది. అందుకే పక్కింటివాళ్ల బండి అంకె మనకు పనికిరాదు. స్టిక్కరు మీద కేజీల్లో (kg/cm²) ఉంటే 14.2తో గుణించండి, అంటే 2 కేజీలంటే 28 పీఎస్‌ఐ.

టైరు పక్కన అచ్చు పోసిన మ్యాక్స్ అంకె చూసి అంత కొట్టించేవాళ్లు కూడా ఉన్నారు. అది ఆ టైరు తన గరిష్ఠ బరువు మోయడానికి పెట్టిన అంకె. అదే టైరును రకరకాల బండ్లకు వేస్తారు కాబట్టి దానికి మీ బండి బరువేంటో తెలియదు. స్టిక్కరు మాటే వినండి.

ఇప్పుడు అసలు సంగతి, ఎండాకాలం. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, "ఎండలు ముదిరాయి, గాలి రెండు మూడు తగ్గించు, లేకపోతే టైరు పేలుద్ది" అని పంచర్ షాపులో చెప్తారు, ఇంట్లో పెద్దవాళ్లూ చెప్తారు. మన మంచికే చెప్తారు గానీ జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. గాలి తక్కువున్న టైరు చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కల దగ్గర ఎక్కువగా నలుగుతుంది, ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే వంచిన చోట కాలుతుందే, అలా ఆ నలుగుడుకే టైరు లోపల వేడి పుడుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం కాలిపోతున్న తారురోడ్డు మీద, వెనక ఒక మనిషీ సామానూ వేసుకుని, గాలి తగ్గించిన టైరుతో హైవే ఎక్కితే బయటి వేడికి ఈ లోపలి వేడి తోడవుతుంది. టైరు పేలుతుందని భయపడి చేసిన పనే టైరును పేలే దాకా తీసుకెళ్తుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు 28 ఉన్న టైరు ఎండలో గంట నడిపాక 32 దాకా చూపించడం మామూలే, కంపెనీవాళ్లు ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే 28 రాశారు. ఆ నాలుగూ చూసి టెన్షన్ పడి గాలి తీసేస్తే సాయంత్రం టైరు చల్లారాక 24కి పడిపోతుంది.

అందుకే గాలి ఎప్పుడూ చల్లటి టైరులోనే చూడాలి. బండి కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉండాలి. బంకు ఇంటి పక్కనే ఉంటే ఇబ్బంది లేదు, ఒకటి రెండు కిలోమీటర్లు మెల్లగా వెళ్తే పెద్ద తేడా రాదు. దూరమైతే ఒక ఉపాయం ఉంది, దీనికి టైరులో గాలి కొలిచే సొంత గేజ్ ఒకటి కావాలి. పొద్దున్నే ఇంట్లోనే కొలవండి. 28 ఉండాల్సిన చోట 24 ఉందనుకోండి, అంటే నాలుగు తక్కువ. బంకుకు వెళ్లేసరికి టైరు వేడెక్కి అక్కడ 27 చూపిస్తుంది. అప్పుడు "28 పెట్టు" అంటే ఒక్కటే ఎక్కుతుంది, మూడు తక్కువే మిగిలిపోతుంది. 27కి నాలుగు కలిపి 31 పెట్టించండి, మర్నాడు పొద్దున ఇంట్లో చూస్తే 28 దగ్గరే ఉంటుంది. గేజ్ మంచిది కొనుక్కోండి, కొన్ని వందల్లో వచ్చేస్తుంది. బంకు మిషన్లలో చాలావాటికి రీడింగ్ రెండు మూడు అటూ ఇటూ పోతుంది కాబట్టి ప్రతిసారీ మీ గేజ్‌తోనే చూసుకోవడం మేలు.

వానాకాలంలో పట్టు కోసమని గాలి తగ్గించడం కూడా వద్దు. టైరు మీద గాళ్లు ఉన్నది నీళ్లను పక్కకు తోసేయడానికి, గాలి తగ్గితే అవి మూసుకుపోయినట్టయి నీళ్ల మీద జారే ప్రమాదం పెరుగుతుంది. మట్టిలో ఇసుకలో నడిపేవాళ్లు తగ్గించుకుంటారు, అది వేరే లెక్క, తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. నైట్రోజన్ విషయానికొస్తే, ఊరికే వస్తే కొట్టించుకోండి, డబ్బులిచ్చి కొట్టించేంత తేడా రోజువారీ బండికి ఉండదు.

ఇన్నాళ్లు ఎలా కొట్టించారో టైరును చూస్తే తెలిసిపోతుంది. నడిమధ్య మాత్రమే అరిగి పలకలా అయిందంటే ఎక్కువ గాలితో నడిపారనో, తిన్నటి హైవేల మీదే తిరిగారనో అర్థం. రెండు పక్కలా అరిగి మధ్యలో గాళ్లు అలాగే ఉంటే గాలి తక్కువ. మలుపులో హ్యాండిల్ బరువుగా అనిపించినా, వెనక భాగం ఊగుతున్నట్టు ఉన్నా మొదట గాలి చూడండి, ఆ తర్వాతే బేరింగుల గురించి ఆలోచించండి.

వారానికోసారి, కుదరకపోతే పదిహేను రోజులకైనా చూడండి. నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ తగ్గడం సహజం, వారంలోనే ఐదు తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా ఒక్కసారిగా గాలి పోదు, రోజులు పట్టొచ్చు, అందుకే చాలామంది గమనించరు. సబ్బునీళ్లు చేసి ముందు వాల్వ్ మీద, తర్వాత గాళ్లలో, రిమ్ము అంచు చుట్టూ పోయండి, బుడగలు వచ్చిన చోటే లీకు. వాల్వ్ నోట్లోంచే బుడగ వస్తుంటే టైరు విప్పనక్కర్లేదు, పంచర్ షాపులో లోపలి పిన్ను బిగిస్తారు, పాడైతే మారుస్తారు, పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. అది అయ్యాక వాల్వ్ క్యాప్ పెట్టించుకోండి, క్యాప్ లేకపోతే దుమ్ము వెళ్లి పిన్ను దగ్గర చేరి మళ్లీ అదే లీకు.