తిరుచానూరు ఓటు తిరుపతి ఎంపీకి కాదు: లోక్‌సభ ఎన్నికల ఓటరు ముందే చూసుకోవలసినవి

తిరుపతి బస్టాండులో ఆటో ఎక్కితే కాసేపట్లో తిరుచానూరు చేరుకుంటాము. అయినా తిరుచానూరు ఓటరు తిరుపతి ఎంపీని ఎన్నుకోడు. ఆ ఊరు తిరుపతి గ్రామీణ మండలంలో ఉంది, ఆ మండలం చంద్రగిరి శాసనసభ నియోజకవర్గంలో ఉంది, చంద్రగిరి చిత్తూరు లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. మరోపక్క రేణిగుంట ఓటరు శ్రీకాళహస్తి శాసనసభ్యుణ్ణి, తిరుపతి ఎంపీని ఎన్నుకుంటాడు. నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి కూడా తిరుపతి లోక్‌సభ పరిధిలోనిదే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు మారినవి జిల్లా హద్దులే గాని నియోజకవర్గాల హద్దులు కావు. కాబట్టి తన జిల్లా పేరును బట్టి తన ఎంపీ ఎవరో తేల్చుకోవాలనుకునేవారు ఇక్కడ తప్పకుండా పొరబడతారు.

మొదట చూసుకోవలసింది జాబితాలో పేరు. ఓటరు కార్డు జేబులో ఉంటే ఓటు ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. కార్డు మనిషిని గుర్తించడానికి మాత్రమే పనికివస్తుంది, ఓటు వేసే హక్కు జాబితాలోని పేరుతోనే వస్తుంది. కార్డు ఉండి, పేరు లేక, ఎండలో గంటసేపు నిలబడి వెనుదిరిగినవారిని ప్రతి ఎన్నికలోనూ చూస్తున్నాము. ఎన్నికల సంఘం యాప్‌లో కార్డు నంబరు కొట్టి గాని, 1950కి ఫోను చేసి గాని, బూత్ స్థాయి అధికారిని అడిగి గాని పేరు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవచ్చు. అప్పుడే భాగం సంఖ్య, వరుస సంఖ్య, పోలింగ్ కేంద్రం పేరు ఒక కాగితం మీద రాసుకుంటే పోలింగ్ రోజున సగం శ్రమ తప్పుతుంది.

కొత్తగా పేరు చేర్చుకోవడానికి ఫారం-6, ఇల్లు మారినా వివరాలు దిద్దించుకోవాలన్నా ఫారం-8 ఇవ్వాలి. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 తేదీలలో ఏదో ఒకదాని నాటికి 18 ఏళ్లు నిండితే చాలు. 17 దాటినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. తిరుపతిలో హాస్టళ్లలో ఉంటూ చదువుకునేవారు, బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసుకునే చిత్తూరువారు ఇక్కడే తికమకపడతారు. సొంత ఊళ్లో ఒక ఓటు, ఉంటున్న చోట ఇంకొకటి పెట్టుకోవడం చట్టవిరుద్ధం. ఊరి మీద మమకారంతో అక్కడి ఓటును అలాగే ఉంచుకుని, పోలింగ్ ముందురోజు రాత్రి బస్సులో సీటు దొరకక ఆగిపోయేకంటే ఫారం-8తో ఓటును ఉంటున్న చోటికి మార్చుకోవడమే మేలని నా అభిప్రాయం. ఈ పని నామినేషన్ల హడావుడి మొదలవ్వక ముందే పూర్తి చేసుకోవాలి.

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆగిపోతుంది. ఆలోగా ఇంటికి వచ్చే ఓటరు చీటీ కేంద్రాన్ని, వరుస సంఖ్యను వెతుక్కోవడానికే గాని గుర్తింపు పత్రంగా చెల్లదు. ఓటరు కార్డు దొరకకపోతే ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం వంటివి తీసుకువెళ్లవచ్చు. సెల్‌ఫోను ఇంట్లోనే ఉంచి వెళ్లడం సుఖం.

కేంద్రం లోపల మొదటి అధికారి జాబితాలో మీ పేరు చూసి పైకి చదువుతారు. అక్కడ కూర్చున్న పార్టీల ఏజెంట్లు తమ ప్రతులలో గుర్తు పెట్టుకుంటారు. అభ్యంతరం ఉన్నవారు చెప్పవలసింది అప్పుడే. రెండో అధికారి ఎడమచేతి చూపుడువేలికి సిరా పూసి, రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకుని చీటీ ఇస్తారు. ఆ చీటీ అందుకున్న అధికారి తన బల్ల మీది కంట్రోల్ యూనిట్ మీట నొక్కితేనే అట్టల మరుగున ఉన్న యంత్రం ఓటుకు సిద్ధమవుతుంది. అభ్యర్థి పేరు, ఫొటో, గుర్తు చూసుకుని పక్కనున్న నీలం మీట నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. అప్పుడే చేయి తీసి తిరిగిపోకూడదు. పక్కనున్న వీవీప్యాట్ (వేసిన ఓటును కాగితం మీద అచ్చువేసి చూపే యంత్రం) గాజు కిటికీలో మీరు నొక్కిన వరుస సంఖ్య, పేరు, గుర్తు అచ్చయిన కాగితం 7 సెకన్లు కనిపించి, తెగి డబ్బాలో పడుతుంది. ఆ తరువాత బీప్ శబ్దం వినబడుతుంది.

మన రాష్ట్రంలో ఇంకొక చిక్కు ఉంది. 2024 మే 13న లోక్‌సభకూ శాసనసభకూ ఒకేరోజు పోలింగ్ జరిగింది. లోక్‌సభ యంత్రం మీది కాగితం తెలుపు, శాసనసభది గులాబీ. మా అమ్మ ఆ రోజు తెల్లకాగితం యంత్రం మీద మీట నొక్కి, శబ్దం రాగానే పని అయిపోయిందనుకుని చెప్పుల కోసం గుమ్మం వైపు నడిచింది. అధికారి పిలిచి రెండోది చూపించబట్టి సరిపోయింది. రెండు ఎన్నికలూ కలిసి వస్తే ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే పెద్దవాళ్లకు ‘రెండు మీటలు, రెండు శబ్దాలు’ అని చెప్పి పంపడం మంచిది.

మీరు వెళ్లేసరికే మీ పేరుతో ఎవరో ఓటు వేసిపోయి ఉంటే గొడవపడి తిరిగి రావద్దు. మీరే అసలు ఓటరని ప్రిసైడింగ్ అధికారికి రుజువైతే కాగితపు బ్యాలెట్ ఇస్తారు, దీనిని టెండర్డ్ ఓటు అంటారు. వీవీప్యాట్‌లో వేరే పేరు వచ్చిందని అనిపిస్తే రాతపూర్వకంగా చెప్పి, యంత్రం సరిగా అచ్చువేస్తోందో లేదో తేల్చే పరీక్ష ఓటు కోరవచ్చు. అయితే ఆ ఫిర్యాదు అబద్ధమని తేలితే శిక్ష ఉంటుంది గనుక, కళ్లద్దాలు పెట్టుకుని చూశారో లేదో ముందు గుర్తు చేసుకోవాలి.

చూపులేనివారు, మీట నొక్కలేనంత అశక్తులు 18 ఏళ్లు నిండిన ఒక తోడును లోపలికి తీసుకువెళ్లవచ్చు. ఆ తోడు అదే రోజు మరొకరికి తోడు రాకూడదు. 2024లో 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ఇంటి వద్దే ఓటు వేసే వీలు కల్పించారు. అందుకు నోటిఫికేషన్ వెలువడిన 5 రోజులలోగా ఫారం-12డి ఇవ్వాలి.

మే నెల తిరుపతి ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఉదయం 7 గంటలకే వరుసలో ఉంటే నీడ పట్టున ఇల్లు చేరుకోవచ్చు. వీలుకాక సాయంత్రం వెళ్లినా గడువు ముగిసేలోగా వరుసలో చేరితే చాలు. అప్పుడు అధికారులు వరుస చివర నిలబడ్డవారి నుంచి మొదలుపెట్టి ముందువైపుకు చీటీలు పంచుతారు. గడువు దాటాక వచ్చినవారు మధ్యలో దూరకుండా వేసిన కట్టు అది. చీటీ చేతిలో ఉన్న చివరి మనిషి ఓటు వేసేదాకా, రాత్రయినా సరే, పోలింగ్ ఆపరు.