కారు సస్పెన్షన్ – స్వయంబోధిని, 4వ పాఠం: స్ప్రింగుకు తగిన డ్యాంపర్

గత పాఠంలో 25 కిలోల బియ్యం బస్తాలు రెండింటిని వెనక ఇరుసుకు సరిగ్గా పైన పడేలా ఉంచి, కారు ఎంత కుంగిందో కొలిచాం. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఉన్న ఎత్తు 12 మిల్లీమీటర్లు తగ్గింది. ఒక్కో చక్రం మీద అదనంగా పడ్డ భారం 245 న్యూటన్లు. దాన్ని 0.012తో భాగించి, వెనక స్ప్రింగు గట్టిదనం మీటరుకు సుమారు 20,000 న్యూటన్లని తేల్చాం. ఈ రోజు పనంతా ఆ అంకెతోనే.

ఆ స్ప్రింగు మీద కూర్చున్న బరువు 300 కిలోలనుకుందాం. చక్రం, బ్రేకు ఇందులోకి రావు. 20,000ను 300తో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే 1.3 వస్తుంది. అడ్డుకునేదేమీ లేకపోతే కారు ఆ మూల సెకనుకు 1.3 సార్లు ఊగుతుంది.

ఆ ఊపును ఆపేది డ్యాంపర్, అంటే మన మెకానిక్కులు షాక్ అబ్జార్బర్ అనేది. నిజానికి గతుకు దెబ్బను మొదట తీసుకునేది స్ప్రింగు. అలా దాచుకున్న శక్తిని నూనెలో వేడిగా మార్చేది డ్యాంపర్. స్ప్రింగు బలం ఎంత కుంగిందన్న దాన్ని బట్టి, డ్యాంపర్ బలం ఎంత వేగంగా కదిలిందన్న దాన్ని బట్టి ఉంటాయి. ఈ తేడా మనసుకు పట్టేదాకా ముందుకు వెళ్లకండి.

కుంగిన కారు ఒక్కసారి కూడా అవతలికి ఊగకుండా, వీలైనంత త్వరగా తన చోటికి వచ్చి ఆగేంత డ్యాంపింగును సందిగ్ధ డ్యాంపింగ్ అందాం. బరువును స్ప్రింగు గట్టిదనంతో గుణించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేస్తే అది వస్తుంది. మన కారుకు 4,900, అంటే సెకనుకు ఒక మీటరు వేగానికి 4,900 న్యూటన్లు.

మరి అంతా పెట్టేస్తే సరిపోదా? గుంత అంచుకు తగిలి చక్రం సెకనుకు ఒక మీటరు వేగంతో పైకి లేచిందనుకోండి. డ్యాంపర్ 4,900 న్యూటన్లతో కారును కిందినుంచి తోస్తుంది. ఆ మూల మోస్తున్న బరువే 2,940 న్యూటన్లు! నడుములు విరుగుతాయి. అందుకే సౌకర్యం కోసం చేసిన కార్లలో సందిగ్ధ విలువలో మూడో వంతుకు అటూ ఇటూ సరిపెడతారు. మనం 0.3 తీసుకుందాం: 1,470. అప్పుడు 5 సెంటీమీటర్లు కుంగిన కారు అవతలికి 1.9 సెంటీమీటర్లు లేచి, ఆ తర్వాత 0.7 కుంగి, దాదాపు నిలిచిపోతుంది.

ఇక చాలామంది చేసే పొరపాటు. నేనూ చేశాను: డ్యాంపర్లు పాతవే ఉంచి గట్టి స్ప్రింగులు వేయించాను. మలుపుల్లో ఒరగడం తగ్గింది కానీ, వంతెన అతుకులు దాటిన ప్రతిసారీ కారు ఊగుతూనే ఉండేది. లెక్క వేసి ఉంటే ముందే తెలిసేది. స్ప్రింగు 30,000 అయితే సందిగ్ధ విలువ 6,000కు పెరుగుతుంది. అదే 1,470 ఇప్పుడు 0.245 మాత్రమే. కుటుంబమంతా సామానుతో ఎక్కి ఆ మూల బరువు 400 కిలోలైతే 0.21. డ్యాంపర్ చెడిపోలేదు, కొత్త స్ప్రింగుకు చాలలేదు.

అలాగని స్ప్రింగు ఒకటిన్నర రెట్లయింది కదా అని డ్యాంపరునూ ఒకటిన్నర రెట్లు చేయకండి. వర్గమూలం ఉంది కాబట్టి 1.22 రెట్లు, అంటే 1,800 చాలు. అంతకు మించితే గట్టి స్ప్రింగు కుదుపుకు డ్యాంపర్ కుదుపు కూడా తోడవుతుంది.

ఈ 1,470 సగటు అంకె. అసలు డ్యాంపర్ కుంగేటప్పుడు తక్కువగా, సాగేటప్పుడు ఎక్కువగా అడ్డుకుంటుంది. దాని కారణం 5వ పాఠంలో చూద్దాం. ఈలోగా మీ కారు వెనక చక్రానికి గత వారం వచ్చిన అంకె తీసుకుని, డ్రైవరు ఒక్కరే ఉన్నప్పుడు ఒకసారి, అయిదుగురు ఎక్కినప్పుడు ఒకసారి సందిగ్ధ విలువ కట్టండి. రెండు జవాబులనూ పక్కపక్కన రాసి ఉంచండి, వాటితోనే తర్వాతి పాఠం మొదలవుతుంది.