పూతకు మందు కొట్టే వేళ స్ప్రేయర్ మొండికేస్తే

బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి తోటల్లో ఏటా జరిగే తంతే ఇది. పూత విచ్చుకుంటూ ఉంటుంది, తేనెమంచు పురుగు కనిపిస్తుంది. కొట్టంలో మూలనున్న పెట్రోల్ స్ప్రేయర్‌ని బయటికి తీస్తే మాత్రం స్టార్ట్ కాదు. ఎనిమిది తొమ్మిది నెలలు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు మరి! వీపుకు తగిలించుకునే టూ స్ట్రోక్ స్ప్రేయర్ గురించే ఇక్కడ చెబుతున్నాను.

ఎంత లాగినా ఉలుకూ పలుకూ లేదు

తాడు లాగి లాగి భుజం పడిపోయేదాకా ఆగకండి. ముందు ట్యాంకు మూత తీసి వాసన చూడండి. పుల్లగా, వార్నిష్‌లాగా ఉంటే ఆ పెట్రోలు పాడైపోయినట్టే. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజనుకు వెళ్లే పైపు లాగేది కూడా ఆ అడుగు నుంచే. నమ్మకం లేకపోతే గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదలకుండా పెట్టండి, అడుగున పొర ఉంటే తెలిసిపోతుంది. పొర లేకపోయినా సరే, పోయిన సీజన్ పెట్రోలు వాడొద్దు. వంద రూపాయల పెట్రోలు మిగుల్చుకోబోయి అంతకు పదింతలు మెకానిక్‌కు ఇచ్చుకున్నవాళ్లను చూశాను.

ట్యాంకు ఖాళీ చేసి, కొత్త పెట్రోల్లో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకు పెట్రోల్లో కలిపే ఆయిల్) కలిపి పోయండి. ఎంత కలపాలో మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. 25:1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20. ఆయిల్ లేకుండా ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది.

కొత్త పెట్రోలు పోసినా లేవలేదు

స్పార్క్ ప్లగ్గు విప్పండి, సగం సంగతి అదే చెబుతుంది.

తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. చోకు వేసి పదేపదే లాగితే అంతే. స్విచ్ ఆఫ్ చేసి, చోకు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, ప్లగ్గు లేకుండా ఐదారుసార్లు తాడు లాగితే లోపలి పెట్రోలు బయటికి చిమ్ముతుంది. ఆ దగ్గర్లో ఎవరూ బీడీ వెలిగించకుండా చూసుకోండి. ప్లగ్గు తుడిచి, ఆరబెట్టి బిగించండి.

పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కల పెట్రోలు వేసి, ప్లగ్గు బిగించి లాగండి. రెండు క్షణాలు మోగి ఆగిపోతే ఇంజన్ బాగానే ఉంది, తప్పు కార్బరేటర్‌దో, పైపుదో, ట్యాంకులోని ఫిల్టర్‌దో. చేత్తో నొక్కే ప్రైమర్ బుడ్డ చిట్లిందేమో ముందు చూడండి, అది చవకైన వస్తువు. ఎండిన పెట్రోలు జిగురు కట్టి కార్బరేటర్ జెట్టును, అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రాన్ని మూసేస్తుంది. కార్బరేటర్ క్లీనర్ కొట్టి, గాలితో ఊదాలి. సూదితో పొడవొద్దు, జెట్టు రంధ్రం పెద్దదైతే ఇక ఎప్పటికీ సరిగా నడవదు. లోపలి రబ్బరు డయాఫ్రం అప్పడంలా గట్టిపడి ఉంటే మార్చడమే.

ప్లగ్గులో కరెంటు లేదు

ప్లగ్గును వైరు చివరి క్యాపులో పెట్టి, ప్లగ్గు ఇనుప భాగాన్ని ఇంజన్ బాడీకి ఆనించి తాడు లాగండి. పెట్రోలు తుడిచేశాకే, ప్లగ్గు రంధ్రానికి దూరంగానే ఈ పని చేయండి. నీలం మెరుపు కనిపించాలి. లేకపోతే ముందు వేరే ప్లగ్గుతో చూడండి.

అప్పుడూ రాకపోతే చాలామంది ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ పోయిందంటారు. నాకూ ఒక షాపులో అదే చెప్పి, కాయిల్ మార్చి డబ్బు తీసుకున్నారు. ఇంటికొచ్చాక మళ్లీ అదే కథ. చూస్తే ఎలుక కొరికిన స్టాప్ స్విచ్ వైరు బాడీకి తగులుతోంది. ఆ వైరు తగిలిందంటే స్విచ్ ఆఫ్ చేసినట్టే లెక్క. కాబట్టి కాయిల్ దగ్గర ఆ సన్న వైరును విడదీసి ఒకసారి లాగి చూడండి. కరెంటు వచ్చిందంటే ఇన్సులేషన్ టేపు చాలు. అప్పటికీ రాకపోతే ఫ్లైవీల్ మాగ్నెట్ మీది తుప్పును సన్న ఎమెరీ కాగితంతో రుద్ది చూసి, ఆ తర్వాతే కాయిల్ సంగతి ఆలోచించండి.

స్టార్ట్ అయి ఆగిపోతోంది

ట్యాంకు మూత కొంచెం వదులు చేయండి. అప్పుడు నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. కాకపోతే సైలెన్సర్ గొట్టంలో తొంగి చూడండి, కందిరీగలు మట్టిగూడు కట్టడానికి అంతకంటే మంచి చోటు వాటికి దొరకదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులపడం అరనిమిషం పని.

తాడు కదలడమే లేదు

బలవంతం చేయొద్దు. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా టూటీ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున మెల్లగా లాగితే తుప్పు కొద్దిగానే ఉంటే వదులుతుంది. వదలకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

ఇంజన్ లేచింది కదా అని వెంటనే మందు కలపకండి. మొదట మంచినీళ్లు పోసి గన్ను నుంచి బాగా కొట్టి చూడండి, వాషర్లు ఎండి ఎక్కడ కారుతుందో తెలుస్తుంది. వర్షాకాలంలో పక్కింటాయన కలుపు మందు కొట్టడానికి ఈ స్ప్రేయర్‌నే తీసుకెళ్లాడేమో కూడా ఇంట్లో అడగండి. తీసుకెళ్లి ఉంటే ట్యాంకు, పైపులు, గన్ను సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు కడగనిదే పూత దగ్గరికి పోవద్దు.