వృత్తి విరమించే సీనియర్ న్యాయవాదులకు: ప్రాక్టీసు నిలుపుదల దరఖాస్తు విధానం (విశాఖపట్నం)

న్యాయవాద వృత్తికి విరమణ వయసంటూ లేదు. జిల్లా జడ్జికి ఉంటుంది, కోర్టు సిబ్బందికి ఉంటుంది, ప్రభుత్వ న్యాయవాదికి పదవీకాలం ఉంటుంది; సొంతంగా ప్రాక్టీసు చేసే వకీలుకు మాత్రం ఎప్పుడు మానుకోవాలో చెప్పే ఉత్తర్వు ఎక్కడి నుంచీ రాదు. అందువల్ల విశాఖపట్నంలో డెబ్బై ఏళ్లు దాటిన సీనియర్లు చాలామంది ఫలానా తేదీ అని పెట్టుకుని విరమించరు. చూపు మందగించి, మెట్లెక్కడం కష్టమై, మొదట మధ్యాహ్నం పూట కోర్టుకు రావడం మానేస్తారు, తరువాత ముఖ్యమైన వాయిదాలకే వస్తారు, చివరికి రారు. బార్ కౌన్సిల్ రోల్‌లో (న్యాయవాదుల నమోదు పట్టికలో) వారి పేరు, కోర్టు రికార్డులో వారి వకాల్తాలు (కక్షిదారుల తరఫున వాదించే అధికార పత్రాలు) మాత్రం యథాతథంగా ఉండిపోతాయి. ఈ స్థితిని సక్రమంగా ముగించడానికి నిబంధనలలో ఒక సులువైన మార్గం ఉంది. అందుకు రాయవలసిన లేఖ ఒక పేజీకి మించదు. దానికి ముందు చేయవలసిన పనే పెద్దది, ఆ పని పూర్తి చేయకుండా లేఖ పంపితే నష్టపోయేది కక్షిదారులే.

నిలుపుదలా, పేరు తొలగింపా?

మొదటి మార్గం ప్రాక్టీసును స్వచ్ఛందంగా నిలిపివేయడం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి 6వ భాగం, 3వ అధ్యాయంలోని 5వ నియమం ప్రకారం, ఏ కారణంతోనైనా ప్రాక్టీసు నిలిపివేసే న్యాయవాది ఆ సంగతిని తన పేరు నమోదైన రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రిజిస్టర్డు పోస్టు ద్వారా తెలియజేసి, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ అసలు ప్రతిని దానితో జతపరచాలి. నియమం తెలియజేయమంటోంది గాని అనుమతి కోరమనడం లేదని గమనించాలి. రెండవ మార్గం న్యాయవాదుల చట్టం, 1961లోని 26-ఎ సెక్షన్ కింద, రోల్ నుంచి తన పేరు తొలగించమని కోరడం. మొదటి మార్గంలో పేరు రోల్‌లోనే ఉంటుంది, ఆరోగ్యం కుదుటపడితే మళ్లీ ప్రాక్టీసు మొదలుపెట్టవచ్చు. రెండవ దానిలో ఆ బంధం తెగిపోతుంది. తొలగింపు తప్పనిసరి అయ్యే ప్రత్యేక కారణం ఏదీ లేనప్పుడు నిలుపుదలే మేలని నా అభిప్రాయం. నలభై ఏళ్లు నిలబెట్టుకున్న నమోదును ఒక్క సంతకంతో వదులుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

అయితే నిలుపుదల తరువాత ఇంటి దగ్గర కూర్చుని ఫీజు తీసుకుని సలహాలు ఇవ్వవచ్చునని కొందరు అనుకుంటారు. అది సరికాదు. విదేశీ న్యాయ సంస్థల విషయమై బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఏ.కె. బాలాజీ కేసులో సుప్రీంకోర్టు 2018లో ఇచ్చిన తీర్పు, కోర్టులో హాజరు కావడం ఒక్కటే ప్రాక్టీసు కాదని, అభిప్రాయాలు ఇవ్వడం, దస్తావేజులు తయారు చేయడం వంటి పనులు కూడా ప్రాక్టీసేనని స్పష్టం చేసింది. బ్యాంకుల ప్యానెల్‌లో ఉండి ఆస్తుల హక్కులపై లీగల్ ఒపీనియన్లు ఇచ్చే సీనియర్లు విశాఖలో గణనీయంగా ఉన్నారు కాబట్టి, వారు ముందుగా ప్యానెల్ నుంచి తప్పుకుంటున్నట్లు బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. కోర్టుకు వెళ్లడం మాత్రమే మాని ఈ పని కొనసాగించదలచినవారు అసలు నిలుపుదల లేఖ పంపకూడదు.

లేఖకు ముందు వకాల్తాల సంగతి

నిలుపుదల లేఖ బార్ కౌన్సిల్‌కు చేరినంత మాత్రాన కోర్టు రికార్డులోని వకాల్తా రద్దు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 3వ ఆర్డరు 4వ రూలు ప్రకారం వకాల్తా ముగిసే సందర్భాలు కొన్నే: కోర్టు అనుమతితో కక్షిదారు గాని న్యాయవాది గాని సంతకం చేసిన కాగితం దాఖలు కావాలి, లేదా వారిలో ఒకరు మరణించాలి, లేదా ఆ కక్షిదారుకు సంబంధించినంత వరకు దావా వ్యవహారాలన్నీ ముగియాలి. దావా అంటే ఇక్కడ డిక్రీతో ఆగేది కూడా కాదు. రివ్యూ దరఖాస్తు, అప్పీలు, కోర్టులో దాఖలు చేసిన పత్రాలను వెనక్కు తీసుకోవడం, నకళ్లు పొందడం సైతం దావా వ్యవహారాలలో భాగమేనని అదే రూలు వివరణ చెబుతోంది. ఆ పక్కనే ఉన్న 5వ రూలు మరింత ముఖ్యమైనది. న్యాయవాదికి అందిన నోటీసు కక్షిదారుకు తెలిసినట్లే కోర్టు భావిస్తుంది. మంచం పట్టిన సీనియర్ ఇంటికి వచ్చిన నోటీసును ఎవరో తీసుకుని బల్ల మీద పెడితే, మాడుగులలోనో పద్మనాభంలోనో ఉన్న రైతుకు అది అందినట్లే లెక్క. వాయిదాకు ఎవరూ లేక దావా డిఫాల్టులో కొట్టివేతకు గురైతే పునరుద్ధరణ దరఖాస్తుకు, ఎక్స్‌పార్టీ డిక్రీ (ఒక పక్షం హాజరు లేకుండా ఇచ్చే డిక్రీ) వస్తే దానిని రద్దు చేయమని కోరడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు 30 రోజులు మాత్రమే. ఆలస్యాన్ని మన్నించమని అడిగే అవకాశం ఉన్నా, ఆ భారమంతా ఏ తప్పూ చేయని మనిషి మీద పడుతుంది.

కాబట్టి మొదట పెండింగు కేసుల జాబితా తయారు చేయాలి. ఈ-కోర్టుల వెబ్‌సైటులో న్యాయవాది పేరు మీద గాని బార్ రిజిస్ట్రేషన్ నంబరు మీద గాని వెతికే వీలుంది. అయితే దాని మీదే పూర్తిగా ఆధారపడకూడదు. పేరు అక్షరాలు ఒక్కో కోర్టులో ఒక్కో విధంగా నమోదై ఉంటాయి, బార్ నంబరు ఎక్కించని పాత దావాలు ఉంటాయి. జిల్లా కోర్టు ప్రాంగణంతో పాటు గాజువాక, భీమునిపట్నం, అనకాపల్లి, చోడవరం కోర్టులలో వేసిన వకాల్తాలను కూడా చూడాలి. విశాఖలోని డెట్ రికవరీ ట్రిబ్యునల్, వినియోగదారుల కమిషన్, లేబర్ కోర్టు వంటి చోట్ల ఉన్న కేసులను విడిగా వెతకాలి. అన్నిటికన్నా నమ్మదగినది గుమాస్తా దగ్గర ఉండే డైరీ. ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని గత కొన్నేళ్ల డైరీలు తిరగవేయడం ఈ మొత్తం ప్రక్రియలో అత్యంత ఉపయోగకరమైన పని.

ప్రతి కేసులోనూ కక్షిదారుకు రాతపూర్వకంగా తెలియజేసి, తగిన వ్యవధి ఇచ్చి, ఆయన ఎంచుకున్న కొత్త న్యాయవాది వకాల్తాపై నిరభ్యంతరం రాసి ఇవ్వాలి. జూనియర్ పేరు కూడా అదే వకాల్తాలో ఉంటే ఆ కేసు ఆయన చేతిలో కొనసాగుతుంది, కాని సీనియర్ తప్పుకుంటున్న సంగతి అప్పుడు కూడా కక్షిదారుకు చెప్పవలసిందే, ఎందుకంటే ఆయన నమ్మి వచ్చింది సీనియర్‌ను. కక్షిదారు దొరకని పక్షంలో ఆఖరి చిరునామాకు నోటీసు పంపి, తపాలా రసీదును జతచేసి, వకాల్తా విరమణకు అనుమతి కోరుతూ కోర్టులో మెమో వేయాలి. అందుకున్న ఫీజులో చేయని పనికి సంబంధించిన భాగాన్ని తిరిగి ఇవ్వాలని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. ఫీజు బాకీ ఉందన్న కారణంతో కేసు కట్టను ఆపుకునే హక్కు న్యాయవాదికి లేదని ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. బాకీ కోసం విడిగా దావా వేసుకోవచ్చు, కాగితాలు మాత్రం ఇచ్చివేయాలి.

కాగితాలంటే కేసు కట్టలు మాత్రమే కావు. పాత న్యాయవాదుల బీరువాలలో కక్షిదారులు నమ్మకంతో దాచుకున్న వీలునామాలు, అసలు క్రయ దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి అంతకుముందు చేతులు మారినప్పటి పత్రాలు) ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా, వివరం రాసి, రసీదు తీసుకుని అప్పగించాలి. వీలునామా రాసిన వ్యక్తి జీవించి ఉంటే, దానిని సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచుకునే సదుపాయం రిజిస్ట్రేషన్ చట్టం 42వ సెక్షన్ కింద ఉందని ఆయనకు చెప్పడం మంచిది. ఎవరికీ అక్కరలేదని తేలిన కట్టలను కూడా చిత్తుకాగితాల బండికి వేయకూడదు. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 132వ సెక్షన్ ప్రకారం కక్షిదారు చెప్పిన విషయాలను గోప్యంగా ఉంచే బాధ్యత వృత్తి సంబంధం ముగిసిన తరువాత కూడా కొనసాగుతుంది. అటువంటి కట్టలను చింపించి గాని కాల్పించి గాని నాశనం చేయించాలి.

లేఖ, సర్టిఫికెట్, తపాలా

లేఖను అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ కార్యదర్శి పేరిట రాయాలి. రాష్ట్ర విభజనకు ముందు నమోదైనవారు, హైదరాబాదులో కొన్నేళ్లు ప్రాక్టీసు చేసి తిరిగి వచ్చినవారు తమ పేరు ఇప్పుడు ఏ రాష్ట్ర రోల్‌లో ఉందో ముందుగా నిర్ధారించుకోవాలి. లేఖలో రోల్‌లో ఉన్నట్లుగానే పూర్తి పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, నమోదు తేదీ, ప్రాక్టీసు చేస్తున్న బార్ అసోసియేషన్, ఇంటి చిరునామా, ఫోను నంబరు రాసి, "నియమావళి 6వ భాగం, 3వ అధ్యాయం, 5వ నియమం ప్రకారం ఫలానా తేదీ నుంచి నా ప్రాక్టీసును స్వచ్ఛందంగా నిలిపివేస్తున్నాను, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ అసలు ప్రతిని జతపరుస్తున్నాను" అని స్పష్టంగా పేర్కొంటే సరిపోతుంది. అనారోగ్య వివరాలు రాయనవసరం లేదు, ఏ కారణంతోనైనా నిలపవచ్చునని నియమమే చెబుతోంది. తేదీని వేసవి సెలవుల తొలి రోజుకు నిర్ణయించుకోవడం అనుకూలంగా ఉంటుంది. కొత్త న్యాయవాదులు కట్టలు చదువుకోవడానికి మే నెల కలిసి వస్తుంది.

సర్టిఫికెట్‌ను పంపే ముందు రెండు వైపులా నకలు తీసి పెట్టుకోవాలి. అది పోయి ఉంటే, డూప్లికేటు కోసం బార్ కౌన్సిల్‌ను ముందుగా సంప్రదించాలి. విజయవాడ వరకే రైలులో 350 కిలోమీటర్లు ఉన్నందున, ఈ వయసులో స్వయంగా వెళ్లవలసిన పని లేకుండా తపాలా మార్గం ఉండటం నిజంగా ఊరట. అయితే 2025లో తపాలా శాఖ రిజిస్టర్డు పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేసినందువల్ల, కౌంటరులో స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్ సదుపాయాన్ని, బట్వాడా రుజువును జోడించమని ప్రత్యేకంగా అడగాలి. ఆ రసీదును, చేరిన రుజువును లేఖ నకలుతో కలిపి ఒకే చోట భద్రపరచాలి. బార్ అసోసియేషన్ సభ్యత్వం వేరు కాబట్టి అక్కడి కార్యదర్శికి విడిగా లేఖ ఇవ్వాలి.

సంక్షేమ నిధి, నోటరీ

ఆంధ్రప్రదేశ్ న్యాయవాదుల సంక్షేమ నిధి చట్టం, 1987 కింద ప్రాక్టీసు మానుకున్న సభ్యునికి, సభ్యుడు మరణిస్తే నామినీకి చెల్లింపులు ఉన్నాయి. రోల్‌లో పేరు ఉన్నంత మాత్రాన ఈ సభ్యత్వం రాదు. విడిగా దరఖాస్తు చేసి చేరినవారికే వర్తిస్తుంది. విరమణ చెల్లింపు కోరేవారు నిలుపుదల లేఖ పంపకముందే నిధి కమిటీ నుంచి ప్రస్తుత ఫారం, చెల్లింపు రేట్లు తెప్పించుకోవాలి. తాము శాశ్వతంగా మానుకుంటున్నారా, తాత్కాలికంగా ఆపుతున్నారా అన్నది రెండు కాగితాలలోనూ ఒకే రీతిలో ఉండాలి. ఎప్పుడో చేరినప్పుడు తల్లి పేరో తండ్రి పేరో నామినీగా రాసి, తరువాత మార్చనివారు ఎందరో ఉన్నారు. ఆ ఒక్క పేరు సరిచూసుకోవడానికి విరమణ దాకా ఆగకూడదు.

నోటరీగా ఉన్నవారు నోటరీల చట్టం, 1952లోని 10వ సెక్షన్ కింద రిజిస్టరు నుంచి తమ పేరు తొలగించమని, తమను నియమించిన ప్రభుత్వాన్ని కోరవచ్చు.

మళ్లీ మొదలుపెట్టాలంటే

శస్త్రచికిత్స తరువాత కోలుకున్నవారు, పిల్లల దగ్గర విదేశాలలో కొంతకాలం ఉండి తిరిగి వచ్చినవారు మళ్లీ ప్రాక్టీసు కోరుకోవడం సహజం. అప్పుడు బార్ కౌన్సిల్ కార్యదర్శికి దరఖాస్తు చేసి, నిలుపుదల కాలంలో న్యాయవాదుల చట్టం 24-ఎ సెక్షన్‌లోని అనర్హతలు ఏవైనా కలిగాయో లేదో తెలుపుతూ అఫిడవిట్ జతపరచాలి. నైతిక పతనంతో కూడిన నేరానికి శిక్ష పడటం, అటువంటి ఆరోపణపై ప్రభుత్వ ఉద్యోగం నుంచి తొలగింపబడటం వంటివి ఆ అనర్హతలు. ఎన్‌రోల్‌మెంట్ కమిటీ సంతృప్తి చెందితే సర్టిఫికెట్‌పై ఎండార్స్‌మెంట్ రాసి తిరిగి ఇస్తుంది. ఆ ఉత్తర్వు చేతికి రాకముందు పాత స్నేహం కొద్దీ ఒక్క వాయిదాకైనా హాజరు కాకూడదు. అర్హత లేకుండా ప్రాక్టీసు చేస్తే ఆరు నెలల దాకా జైలు శిక్ష విధించవచ్చునని 45వ సెక్షన్ చెబుతోంది.

కుటుంబ సభ్యులకు

పై పనులేవీ చేయకుండానే న్యాయవాది కన్నుమూస్తే, ఆ బాధ్యత ఇంటివారి మీద పడుతుంది. మరణ ధ్రువపత్రాన్ని, నగర పరిధిలోనైతే జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) నుంచి, ఒకటికి మించిన ప్రతులతో తీసుకోవాలి. ఒక ప్రతిని జతచేసి 26-ఎ సెక్షన్ కింద పేరు తొలగింపు కోసం బార్ కౌన్సిల్‌కు రాయాలి, నామినీ సంక్షేమ నిధికి విడిగా క్లెయిము పెట్టాలి. కేసు కట్టలను ఏ జూనియర్‌కూ మొత్తంగా అప్పగించవద్దు. గుమాస్తా సాయంతో జాబితా రాయించి, దగ్గరలో వాయిదా ఉన్న కేసుల కక్షిదారులకు ముందుగా ఫోను చేసి, ఎవరి కట్టను వారికే రసీదు మీద ఇవ్వాలి.